ఎజ్రా అరగదీసిన గుండు

మార్కాపురం పలకల కార్ఖానాలో ఎజ్రా చెయ్యి పడిన పలకను మేస్త్రీ మళ్లీ చూసేవాడు కాదు. ఎజ్రా ఇసుక చల్లి, నీళ్లు పోసి రాతితో రుద్దేవాడు. అరచేత్తో తడిమినప్పుడు గోరంత మిట్ట తగిలినా మళ్లీ మొదలుపెట్టేవాడు. ఆ పిచ్చి కార్ఖానా గేటు దగ్గర ఆగితే బాగుండేది. ఇంట్లో రోలు, పీట, చివరికి సంకటి తెడ్డు కూడా అతని చేతిలో నున్నబడ్డవే. "నన్నొక్కదాన్నే వదిలిపెట్టినాడు," అనేది భార్య మార్తమ్మ.

వాళ్ల కూతురు ఎలీషబా కంభం మిషను బోర్డింగులో చదివేది. అక్కడి దొర బంగళా ముందు పచ్చిక పెంచి, లాన్ బౌల్స్ అనే ఆట పిల్లలకు నేర్పాడు. ఒక్కొక్కరు నాలుగేసి కొయ్య గుండ్లు దొర్లించాలి. దూరంగా ఉంచిన చిన్న తెల్ల గుండుకు ఎవరిది దగ్గరగా ఆగితే వాళ్లకు పాయింటు. ముందు ఇరవై ఒకటి చేసినవాళ్లది గెలుపు. 1938లో అఖిల భారత జూనియర్ సింగిల్స్ పోటీ కంభంలోనే పెట్టారు. పేరుకు అఖిల భారతం గానీ వచ్చింది పదకొండు మంది, అందులో నలుగురు బోర్డింగు పిల్లలే. అయితేనేం, పదహారేళ్ల ఎలీషబా ఫైనలుకు చేరింది! కప్పు తెస్తుందని ఎజ్రా కార్ఖానా అంతా చాటింపు వేశాడు.

శనివారం ఆ పిల్ల గుండ్లు తీసుకుని ఇంటికి వచ్చి, సాయంత్రం ప్రార్థనకు వెళ్లింది. ఎజ్రా ఒక గుండు తడిమి చూశాడు. ఒక పక్క ఉబ్బుగా ఉంది.

"చూసినావా, మన బిడ్డకు వంకర గుండ్లిచ్చినారు!" అన్నాడు మార్తమ్మతో. పేదింటి పిల్లని లోకువ కట్టారనుకుని కడుపు మండి, రాయి తీశాడు.

ఎలీషబా వచ్చేసరికి మొదటి గుండు పూర్తయింది. రెండోదాని మీద ఇసుక చల్లబోతున్నాడు.

"ఏంది నాయనా ఇట్ల చేసినావు! ఆ వంకర కావాలనే పెడతారు. దాంతోనే గుండు వంపు తిరిగి పోతాది. తిన్నగా పోయేది ఆటకు చెల్లదు."

ఎజ్రా చేతిలోని ఇసుక కింద పారబోశాడు. "నేనే పోయి దొరకు చెప్తా," అన్నాడు.

"వద్దు నాయనా. అంతమందిలో నిన్ను ఒక మాటంటే నాకు ఆట సాగదు."

సోమవారం ఫైనలు. ఒక గుండు పాడైందని మాత్రం చెప్పి, దాన్ని కాళ్ల దగ్గర పెట్టుకుని, ఎలీషబా మూడింటితోనే ఆడింది. మద్రాసు కుర్రవాడు నిత్యానందం నాలుగూ వేస్తున్నాడు. అయినా ఇరవైకి ఇరవై అయ్యాయి. గట్టు మీద కూర్చున్న ఎజ్రా చూపంతా ఆ పాడు గుండు మీదే.

చివరి వరస. ఎలీషబా మూడూ అయిపోయాయి. నిత్యానందం గుండు తెల్లదానికి జానెడు దూరంలో ఉంది. కానీ ఆగిన గుండ్ల మధ్యలో సూటిగా ఒక సందు! తిన్నగా పోయే గుండైతే నేరుగా తెల్లదాన్ని తాకుతుంది. ఎజ్రాకు "వెయ్యమ్మా" అని నోటి దాకా వచ్చింది. ఎలీషబా సందును చూసింది, కాళ్ల దగ్గరి గుండును చూసింది. తండ్రి వైపు తిరిగి నవ్వి, తల అడ్డంగా ఊపింది.

నిత్యానందం గెలిచాడు. ఎజ్రా ఇక కూర్చోలేక దొర ముందుకు వెళ్లాడు.

"అయ్యా, గుండు చెడగొట్టింది నేను. నా బిడ్డ తప్పు లేదు."

దొర ఆ గుండును దొర్లించాడు. గీత గీసినట్టు పోయింది. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వి, "ఇంత గుండ్రని గుండు నేను పుట్టినప్పటి నుంచీ చూడలేదు. మీరే ఉంచుకోండి," అన్నాడు.

"ఇంక నీ వస్తువులు ముట్టనమ్మా," అన్నాడు ఎజ్రా రైల్లో.

"ముట్టు నాయనా. అడిగి ముట్టు."

మర్నాడు కార్ఖానాలో అందరూ కప్పు ఏదని చుట్టుముట్టారు. ఎజ్రా గుండును పలక మీద పెట్టాడు.

"కప్పు రాలే. నన్ను ఎవరూ ఒక మాట అనకూడదని నా బిడ్డ మూడు గుండ్లతో ఆడింది," అంటూ కళ్లు తుడుచుకున్నాడు.

అతని పనిని ఎన్నడూ మళ్లీ చూడని మేస్త్రీ, ఆ రోజు గుండును రెండు చేతులా తీసుకుని చుట్టూ తడిమి చూశాడు.