పండుకున్న జాకీ

2011లో నేను జగిత్యాలలో ఒక ప్రభుత్వ వర్క్‌షాపులో ఫోర్‌మన్‌ని. మెకానిక్కుల పైన, ఇంజనీరు కింద ఉండే హోదా అది. పైనుంచి ఒత్తిడి, కిందినుంచి బరువు. నూనె ఒత్తిడితో బరువులెత్తే హైడ్రాలిక్స్ నాకు పుస్తకాల కంటే ముందు ఆ కుర్చీలోనే అర్థమైంది.

ఆ సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. మేమూ విధులకు వెళ్లలేదు. పొద్దున కోరుట్ల రోడ్డు మీద వంటావార్పు, తర్వాత ఇల్లు. మా ఇంటి వెనక రాజేశం ఉండేవాడు. మొద్దులు చీల్చి, బామ్మర్ది ట్రాక్టరులో సిరిసిల్లకు, నూలుకు రంగులద్దే షెడ్ల బట్టీలకు చేరవేసేవాడు. చెట్టు మీంచి పడ్డాక అతని కుడి చేయి భుజం దాటి లేవడం మానేసింది. గొడ్డలి భార్య లచ్చవ్వ చేతికొచ్చింది.

"సారూ, బీడీలు జేసిన చేతులు గవి. తుమ్మ మొద్దుల మీద గొడ్డలేస్తుంటే జూడబుద్ధైతలేదు. ఏమన్న మిషిని జెయ్యరాదా?" అని అడిగాడు రాజేశం.

అలా సమ్మెలో ఉన్నవాణ్ణి సమ్మెట పట్టాను. పాత ఇనుప సామాన్ల దుకాణంలో ట్రాలీని ఎత్తే జాకీ ఒకటి దొరికింది. ట్రాక్టరు నూనె పైపు దానికి తగిలిస్తే చాలు. ట్రాలీ వెనక ఇనుప చానెల్ వెల్డింగ్ చేసి, జాకీని అడ్డంగా బిగించి, ఎదురుగా గొడ్డలి అంచులాంటి ఉక్కు చీలిక నిలబెట్టాను. లీవరు కుడివైపు ఎత్తులో ఉండడంతో రాజేశం ఎడమ చేతిని అడ్డంగా చాచి నొక్కాడు. మొద్దు టప్పున రెండు ముక్కలైంది. చూడవచ్చినవాళ్లు "జై తెలంగాణ" అన్నారు.

జాకీ మాత్రం వెనక్కి రాలేదు.

మా వర్క్‌షాపు యంత్రాల జాకీలకు నూనె రెండు వైపులా వెళ్తుంది. తోసేదీ అదే, లాగేదీ అదే. ట్రాలీ జాకీది ఒకటే దారి. నూనె తోస్తుంది, పైనున్న బరువు దించుతుంది. మెకానిక్కులకు నేనే చెప్పే పాఠం అది.

"సారూ, ట్రాలీ లేస్తది, మళ్ల దాని బరువుకే దిగుతది. మీరేమో జాకీని పండవెడ్తిరి. ఇగ దాన్ని లేపుడెవలు?" అంది లచ్చవ్వ.

"ఏయ్, సారుది ముప్పయ్యేండ్ల సర్వీసే!" అని రాజేశం గదమాయించాడు.

"అయితేంది? జాకీకి ఎరుకనా గా సంగతి?"

నా సర్వీసు కూడా వెళ్లి జాకీ పక్కనే పండుకుంది.

మర్నాడు అంతా కోసేసి జాకీని నిలువుగా బిగించాను. చీలికను, దాని పైన అడ్డంగా నిలిపిన ఇనుప దూలానికి తలకిందులుగా వెల్డింగ్ చేసి, జాకీ నెత్తిన బరువైన ఇనుప పలక పెట్టాను. మొద్దు పైకి లేచి చీలుతుంది. లీవరు వదిలితే పలక తన బరువుకే దిగుతుంది. ఈసారి రాజేశాన్నే అడిగి లీవరును ఎడమ చేతివైపు, నడుము ఎత్తులో అమర్చాను.

లచ్చవ్వ మొద్దు నిలబెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగి, "జరిగిన, ఇగ వత్తు" అనేది. ఆ మాట వినిపించేదాకా రాజేశం లీవరు ముట్టేవాడు కాదు. వారంలో సిరిసిల్లకు మొదటి ట్రాలీ వెళ్లింది. లచ్చవ్వ గొడ్డలి దించి మళ్లీ బీడీల చాట ముందు కూర్చుంది. మొద్దు పెట్టాల్సినప్పుడల్లా లేచి వచ్చేది.

ఆ తర్వాత, రిటైరయ్యేదాకా, ఏ యంత్రానికి డ్రాయింగు గీసినా ముందు రెండు సంగతులు రాసుకున్నాను: ఇది వెనక్కి ఎలా వస్తుంది, దీన్ని ఏ చేయి నడుపుతుంది. రెండోది ఏ మాన్యువల్లోనూ ఉండదు. వెళ్లి ఆ మనిషినే అడగాలి.