పారిస్ నుంచి మా అత్తకు వచ్చిన జాబు

మా అత్తకు చదువు రాదు. ఆమె పేరున జాబు రావడం, నేను కాపురానికి వచ్చాక అదే మొదటిసారి. అదీ పారిస్ నుంచి. పోస్ట్‌మ్యాన్ ఆ కవరును సంచిలో పెట్టకుండా మా అల్లూరు వీధుల్లో చేత్తోనే పట్టుకొచ్చాడు. స్టాంపు చూడాలని వెనకాలే నలుగురు వచ్చారు.

రాసినాయన పేరుమోసిన చిత్రకారుడు. వారపత్రికల్లో వచ్చిన ఆయన బొమ్మల్ని కత్తిరించి పెట్టెలో దాచుకునేదాన్ని నేను. ఎంత గొప్పవాళ్లు రాసినా ఆయన జవాబు రాయరని చెప్పుకునేవారు.

అంతకు రెండేళ్ల ముందు, కార్తీకంలో, ఆయన మా ఇంట్లో వారం రోజులున్నారు. మద్రాసులో మావారితో చదువుకున్న స్నేహితుడు ఆయన్ను మా ఊరికి పంపాడు, సముద్రం గీసుకోవడానికి. పొద్దున్నే బండిలో తీరానికి వెళ్లేవారు. మధ్యాహ్నం అత్తా నేనూ అన్నం తీసుకెళ్లేవాళ్లం. చివరి రోజుకి బొమ్మ పూర్తయింది. నీలమణిలా ఉంది. అత్త బొమ్మనీ సముద్రాన్నీ మార్చి మార్చి చూసింది.

"ఇది మన సముద్రం కాదు నాయనా. వానలు పడినాక నీళ్లు ఇంత నీలంగా యాడుంటాయి? బియ్యం కడిగిన నీళ్ల మాదిరి ఉండాయి, చూడు" అంది.

ఆయన కుంచెలు సర్దుకున్నారు. ఆ సాయంత్రమే, అత్తతో చెప్పకుండానే, రైలుకు వెళ్లిపోయారు.

"అంత పెద్దమనిషితో అట్టనేనా మాట్లాడేది?" అని మావారు వాళ్లమ్మను చాలా రోజులు సాధించారు.

అందుకే, ఏం తిట్టి రాశారోనని ఆ కవరును మెల్లగా చింపాను. లోపల రెండు కాగితాలు. నిండా నల్ల సిరాతో ఆయన సొంత దస్తూరి. అక్షరాలు కూడా కుంచెతో దిద్దినట్టున్నాయి. అందరికీ వినబడేలా చదివాను.

"అమ్మా, ఇక్కడి మ్యూజియంలో మూడు రోజులుగా మహామహులు గీసిన సముద్రాలు చూస్తున్నాను. ఎవరి కళ్లకు కనబడ్డ నీళ్లు వాళ్లు గీశారు. నేను మీ సముద్రం ఎదురుగా కూర్చుని కూడా, వేరే బొమ్మల్లో చూసిన సముద్రాన్ని గీశాను. మీరు ఆ మాట అన్నప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఆ బొమ్మ మీద తెల్లరంగు పూసేశాను. నన్ను క్షమించండి."

చదవడం ముగించి తలెత్తాను. మావారు కుర్చీలోంచి ఎప్పుడు లేచి నిలబడ్డారో నేను చూడలేదు. దేశాలు గెలిచిన చెయ్యి మా అత్తను క్షమించమని అడుగుతోంది! కాగితాన్ని మళ్లీ ముట్టుకోవడానికే భయమేసింది నాకు.

అత్త మాత్రం గుండె మీద చెయ్యేసుకుంది.

"పూసేసినాడా? అయ్యో, వారం దినాలు ఎండలో కూర్చుని గీసినాడే! అమ్మాయ్, కాగితం తే. ఎండాకాలంలో రమ్మన్నానని రాయి. అప్పుడు నీళ్లు ఇంకో రకంగా ఉంటాయి. అవీ చూసి గీసుకుంటాడు."

ఆమె చెప్పింది చెప్పినట్టే రాసి పంపాను. జవాబు రాలేదు.

మరుసటి వేసవిలో ఆయనే వచ్చారు. మొదటి మూడు రోజులూ రంగుల పెట్టె తెరవనే లేదు. అత్త పక్కన ఇసుకలో కూర్చుని, ఆమె చెయ్యి చూపించిన వైపల్లా చూస్తూ ఉండిపోయారు.