ముల్లు గుచ్చిన బొమ్మ

అరవైల మొదట్లో బోగోలు పక్కన ఒక చిన్న ఆస్పత్రిలో డాక్టరుగా ఉండేదాన్ని. ఒకనాడు ఒక రైతు భార్య పద్నాలుగేళ్ల కూతుర్ని తీసుకొచ్చింది. పిల్లకు మాట పడిపోయి నాలుగు నెలలట. గొంతు చూశాను, నాలుక చూశాను, అన్నీ బాగానే ఉన్నాయి. పెద్దమనిషయిందని బడి మాన్పించిన వారంలోనే మాట ఆగిందని అడగ్గా అడగ్గా తల్లి చెప్పింది. అందులో వింతేముందన్నట్టు చెప్పింది. నాకు ఒళ్లు మండింది.

నోరు విప్పని పిల్లల చేతికి రంగులో మట్టో ఇస్తే ఆ చేతులే మనసు చెబుతాయని మద్రాసులో చదివేటప్పుడు విన్నాను. మందులకే దిక్కులేని ఆస్పత్రిలో రంగులెక్కడివి? కాలవ నుంచి బంకమట్టి తెప్పించాను.

"బొమ్మలాటకు కూడా చీటీ రాస్తారా డాక్టరమ్మా?" అని కాంపౌండరు నవ్వాడు. నవ్వితే నవ్వాడు. ప్రతి శుక్రవారం ఆ పిల్లను రమ్మన్నాను. ఐదు వారాలూ మట్టి పిసికి, ఉండలు చేసి, లేచి వెళ్లిపోయేది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఆరో వారం ఒక ఆడపిల్ల బొమ్మ చేసింది. రెండు జడలు, చంకలో పుస్తకాలు. కిటికీ బయట ఉన్న తుమ్మకొమ్మ నుంచి ముల్లు తుంచి, బొమ్మ పెదాలకు గుచ్చి, నా వంక చూసింది. అది ఎవరి నోరో నేను అడగనక్కర్లేకపోయింది. పొంగిపోయాను. తల్లి చూస్తే తనూ తెలుసుకుంటుందని, బొమ్మను గుడ్డలో చుట్టి పిల్ల చేతికే ఇచ్చి పంపాను. ఈ జిల్లాలోనే పుట్టి పెరిగినదాన్ని. ముల్లు గుచ్చిన బొమ్మ ఇంటికొస్తే ఏమనుకుంటారో నాకు తట్టకపోవడమేమిటి! చదవేస్తే ఉన్న మతి పోయిందన్నట్టయింది నా పని.

మర్నాడు వాళ్లింటికి వెళ్లేసరికి వాకిట్లో కోసిన నిమ్మకాయలు, కుంకుమ, వేపమండలు. తల్లి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"నా బిడ్డ చేత చేతబడి బొమ్మ చేయించినారే, మీకు మేమేం చేసినామమ్మా?"

"చేతబడి కాదమ్మా. ఆ బొమ్మ మీ అమ్మాయే. బడి మాన్పించి తన నోరు కుట్టేశారని చెబుతోంది."

"ఏంది చెప్పేది? ఆర్నెల్లు మట్టి పిసికినా మీ వల్ల కాలేదు. రాత్రి మంత్రగాడు వేపమండల్తో కొట్టినాడు, నా బిడ్డ మాట్లాడింది."

ఆర్నెల్లు కాదు, ఆరు వారాలు. ఆ మాట అనేలోపే తల్లి లోపలికి తిరిగి, "ఇట్రా అమ్మా, ఏమన్నావో డాక్టరమ్మకు చెప్పు" అంది.

పిల్ల వచ్చింది. చేతుల నిండా వాతలు. నేల చూస్తూ, నెమ్మదిగా, అక్షరం తడబడకుండా చెప్పింది.

"ఇంకెప్పుడూ చెయ్యను."

"విన్నారా, ఎంత చక్కగా పలికిందో" అంటూ తల్లి సంతోషంతో కళ్లు తుడుచుకుంది.