మానిటర్ మీది తోతాపురి కాయ

ఆ రోజు పరీక్షను ఆపేసింది నేనే. ఆ మాట చాలా ఏళ్లు ఎవరితోనూ అనలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, తిరుపతిలో ఒక మేడమీది గదిలో ఐదుగురం సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం. బంగారుపాళ్యంలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి, లోపలికి వచ్చే లారీలకు తూకం చీటీలిచ్చే ప్రోగ్రామ్ మా పని. నగరి నుంచి బస్సులో వచ్చే ఒక అక్క మాలో పెద్దది. ఆమె రాకముందు ఎవరి కోడ్ వాళ్లు దాచుకుని, నెలాఖరున కలిపి, తలలు పట్టుకునేవాళ్లం. ఆమె దాన్ని మాన్పించింది. రోజూ సాయంత్రం తన బస్సు వేళ లోపల అందరి కోడూ మూలనున్న కంప్యూటర్లో కలవాలి. అది అంతా కూర్చి, ఆమె రాసిపెట్టిన పరీక్షలు నడిపేది. బాగుంటే తెర మీద పచ్చ గీత, ఎక్కడైనా తప్పితే ఎర్ర గీత. తప్పినవాడి మానిటర్ మీద ఆమె ఒక తోతాపురి మామిడికాయ పెట్టేది. సరిచేసేదాకా అది అక్కడే.

"ఏమబ్బా, మళ్లా నీ చెట్టే కాసినట్టుండాదే!" అనేది.

నా దగ్గర వరసగా మూడుసార్లు కాసింది. అందరితోపాటు నవ్వాను కానీ లోపల గుచ్చుకుంది. తరువాత పదిరోజులు నా కోడ్ కలపలేదు.

"అయినంత కలపప్పా. కొంచెం కొంచెమైతే తప్పు యాడుండాదో తెలుస్తాది," అనేది.

ఫ్యాక్టరీలో ప్రోగ్రామ్ పెట్టే ముందురోజు నా కోడ్ మొత్తం ఒక్కసారే కలిపాను. ఎర్ర గీత వచ్చింది. రెండు లారీలు ఒకేసారి వస్తే ఎవరి చీటీ వాళ్లకే పడుతుందా అని చూసే పరీక్ష తప్పింది. ఆమె టీకి కిందికి వెళ్లింది. ఆ ఒక్క పరీక్ష నడవకుండా ఆపేశాను. గీత పచ్చబడింది.

మర్నాడు బంగారుపాళ్యంలో ఒకరి కాయల తూకం ఇంకొకరి చీటీలో పడింది. లారీలు రోడ్డు దాకా నిలిచిపోయాయి.

"ఎవురి కాయలు ఎవురి పేరున రాసినారయ్యా?" అని రైతులు ఎండలో అరుస్తున్నారు.

మా యజమాని ఆమె వైపు తిరిగాడు. "పచ్చ గీత వచ్చిందంటివి గదమ్మా! నీ పరీక్షలు ఇంతేనా?"

"యాడో నేనే తప్పు రాసుంటాను సార్," అందామె.

నేను ఆమె పక్కనే ఉన్నాను. నా తప్పు అంతటితో ఆగలేదు. తిరుపతికి ముందుగా చేరుకుని, ఆమె చూడకముందే ఆ పరీక్షను మళ్లీ ఎప్పటిలా నడిచేట్టు పెట్టేశాను.

ఆ పరీక్షల మీద నమ్మకం పోయి, ఆ సాయంత్రమే మూలనున్న కంప్యూటర్ తీసేశారు. నెలాఖరు కలపడాలు మళ్లీ మొదలయ్యాయి. కొన్నాళ్లకే ఆమె పని మానేసింది.

ఇప్పుడు అంతటా ఆమె పద్ధతే, రోజూ కలపడం, పరీక్షలు నడపడం. ఏ తెర మీద పచ్చ గీత కనిపించినా ఆ గది, మానిటర్ వేడికి మగ్గిన తోతాపురి వాసన గుర్తొస్తాయి.

పోయిన ఏడు నగరికి వెళ్లి ఆమె ఇల్లు కనుక్కున్నాను. కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆ పరీక్ష రాయడంలో నేను యాడ తప్పినానో ఇప్పటికీ తెలీలేదబ్బా," అంది.

"నువ్వు తప్పలేదక్కా. దాన్ని ఆపేసింది నేను. సార్ నిన్ను అంతమందిలో అంటా ఉంటే పక్కనే నిలబడి నోరు మెదపలేదు. తప్పు నాది. నన్ను మన్నించక్కా."