గాలయ్య చదవని వాక్యం

మెదక్‌లో తహసీల్దారు ఆఫీసు ప్రహరీ పక్కన గాలయ్య ముప్పై ఏళ్లుగా దరఖాస్తులు రాస్తున్నాడు. వచ్చిన మనిషి చెప్పుకోవడం అయిపోయేదాకా పెన్ను ముట్టడు. కొందరు ఏడుస్తారు. ఏడవనిస్తాడు.

నిరుడు ఎదురుగా స్నేహలత టేబుల్ వేసింది. ల్యాప్‌టాప్, ప్రింటరు. ఫోన్‌కు రెండు మాటలు చెబితే దరఖాస్తు అదే అల్లుతుంది. జనం అటే నిలబడతారు. గాలయ్య ఆ వరసను చూడనట్టు చూస్తాడు. ఆమె చేతిరాత కుదురుగా ఉండదని అతనికి తెలుసు. అచ్చులో అది కనబడదు.

ఆ రోజు వరసలో పాపన్నపేట కిష్టవ్వ ఉంది. భర్త వదిలి వెళ్లిన నాటి నుంచి ఆమె కాగితాలన్నీ గాలయ్యే రాశాడు. ఇప్పుడు ఒంటరి మహిళ పింఛను దరఖాస్తు స్నేహలతతో రాయించుకుని, నేరుగా అతని దగ్గరికి వచ్చింది.

"జర చదువన్నా. నువ్వు చదివితేనే నాకు నమ్మకం."

"రాసినామెనే చదవమనకపోయినవా?"

"ఆ పిల్లకు టైమేడిది. నీకైతే మస్తు ఖాళీ గద."

గాలయ్య పైకి చదివాడు. ఒక్క కొట్టివేత లేదు. తను ఎన్నడూ అంత నిండుగా రాయలేదు. మధ్యలో ఒక వాక్యం: నాకు సంతానం లేదు. కిష్టవ్వకు తూప్రాన్‌లో కూతురుంది, భాగ్య. కిష్టవ్వ చెప్పని మాటను ఫోను తానే చేర్చింది. విచారణలో అబద్ధం బయటపడితే పింఛను రాదు. చెడ్డపేరు వచ్చేది మాత్రం స్నేహలతకు.

ఆ వాక్యం దాటేసి కిందిదాకా చదివాడు.

కిష్టవ్వ వేలిముద్ర వేసింది. "రాసినోళ్ల పేరు లేదేందన్నా? నీ కాగితాల మీద ఉంటుండె. చదివినవ్ గద, నీ పేరే రాయి."

పెన్ను కాగితం మీద ఆనించి ఆగిపోయాడు. తర్వాత వదిలేసిన వాక్యం చదివాడు.



"నా బిడ్డను లేకుంట చేసింది ఫోనా, నువ్వా?"

"ఫోను రాసింది. నేను చదవలే."

"దానికి నా బిడ్డ ఎరుక లేదు. నీకు ఎరుకే."

కాగితం తీసుకుని మళ్లీ అటు నడిచింది. స్నేహలత ఒక్క నిమిషంలో సరిచేసి ప్రింటు తీసింది. కిష్టవ్వ వేలు చాపలేదు.

"ముందు మొత్తం చదివి వినిపియ్యి బిడ్డా."

స్నేహలత వరసను ఆపి చదవడం మొదలుపెట్టింది. ఎదురుగా కూర్చుని గాలయ్య వింటున్నాడు. నిదానంగా, ఏ మాటా వదలకుండా, బాగా చదువుతోంది.