కొంగున కట్టిన ఫీజు

సంపు మూత తీయగానే పాచి, తడి సిమెంటు కలిసిన వాసన గుప్పుమంది. తుమకూరులో మేముండేది పాత ఇల్లు, మోటారుకు ఇంకా తెల్ల పింగాణీ ఫీజే. సంపు కడగడానికి వచ్చిన మనిషి ప్యాంటు మడుచుకుంటుంటే, నేను లోపలికెళ్ళి ఫీజు పీకి కొంగున ముడివేసుకొని వచ్చాను. "స్విచ్చి ఆపితే చాలదా?" అని మా ఆయన ఎప్పటిలాగే నవ్వాడు. చాలదు. ఎందుకు చాలదో పెళ్ళయినప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాను, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. ఆయన గంగులమ్మ పెద్దమ్మను చూడలేదు కదా.

గంగులమ్మ పెద్దమ్మ మాకు చుట్టం కాదు. నాగలమడిక దగ్గర మా చేనూ వాళ్ళ చేనూ ఒకే గట్టుకు అటూ ఇటూ ఉండేవి. వాళ్ళ బావి ఆమెకూ, మరిది నరసింహప్పకూ ఉమ్మడి. నీళ్ళకు వంతులుండేవి. భర్త పోయాక తన వాటా సేద్యం ఆమే చూసుకునేది. నోరు పెద్దది. ఊళ్ళో మగవాళ్ళు ఆమెను చూసి బీడీ దాచుకునేది గౌరవంతో అనుకునేరు, తిట్లకు భయపడి. నేను పీయూసీ తప్పి ఇంట్లో కూర్చున్న ఏడాది, వచ్చినవాళ్ళందరూ నామీద జాలిపడి కాఫీ తాగిపోతుంటే, ఆమె మాత్రం "పుస్తకం రాకుంటే పాయె. ఈతన్నా నేర్చుకుందువు రామ్మే" అని చెయ్యి పట్టి లాక్కుపోయింది. ఆ రోజు ఆమె లాక్కుపోకుంటే నేనేమయ్యేదాన్నో నాకే తెలియదు.

ఆ బావి రాళ్ళ సందుల్లో ఎండ్రకాయలుండేవి. వానలు మొహం చాటేసిన ఆ ఏళ్ళలో ఆకుకూర కూడా కరువే, ఎండ్రకాయల చారు కాగిందంటే వీధంతా తెలిసేది. పెద్దమ్మ చీర గోచి పోసి కట్టి, నడుముకు తాడు బిగించి, గుండెల నిండా ఊపిరి పీల్చుకొని మునిగేది. మునగడానికి ఆమె కట్టుబాట్లు ఆమెకుండేవి. పూజ చేసే అయ్యవారికైనా అంత నిష్ఠ ఉండదు.

"గట్టు మీద మనిషి లేకుంటే దిగరాదు. తాడు పట్టుకున్నోళ్ళు ఏం జరిగినా తాడు ఇడవరాదు. ఫీజు దిగినోళ్ళ కొంగుననే ఉండాల" అనేది.

"స్విచ్చి ఆపినాం కదా పెద్దమ్మా?"

"స్విచ్చి ఎవడైనా ఏస్తాడు. కరెంటు వచ్చినాదంటే మనోళ్ళకు కండ్లు కనపడవు. నా పానం నా కొంగుననే ఉండనీ."

పట్టేదానికీ కట్టుబాటే. నాలుగు వేళ్ళ వెడల్పు లేని ఎండ్రకాయను వదిలెయ్యాలి. ఒకసారి నేను పెద్దదాన్నే పట్టి సంబరపడుతుంటే, దాన్ని తిరగేసి చూపింది. పొట్ట రేకు కింద ఆవగింజలంత పిల్లలు కదులుతున్నాయి. "తింటే ఒక పూట. ఇడిస్తే వచ్చే ఏటికీ ఉంటాది" అంది. నేను దాన్ని నీళ్ళలోకి వదిలేదాకా ఊరుకోలేదు. మా ఇంట్లో ఆ పూట కూరే లేదు. నాకు ఏడుపొచ్చింది, ఆమె మీద కోపమూ వచ్చింది.

ఆ ఏడు శెనక్కాయ ఊడలు దిగే సమయానికి వాన ఎగ్గొట్టింది. చేను నేలకు వాలిపోయింది. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎంతసేపుంటుందో ఎవరికీ తెలియదు. మోటారు గదిలో బల్బు వెలిగిందా అని జనం చేలల్లో నిలబడి మెడలు చాచేవాళ్ళు. ఒక మధ్యాహ్నం పెద్దమ్మ అప్పుడే ఊపిరి పట్టి మునిగింది. గట్టు మీద తాడు పట్టుకొని నేనున్నాను. గదిలో బల్బు భగ్గుమంది. చేలో నుంచి నరసింహప్ప మామ పరుగున వచ్చాడు. నీళ్ళ వంతు ఆయనదే.

"ఫీజు యాడ?" గదిలోంచి అరిచాడు.

"పెద్దమ్మ కొంగున ఉండాది మామా. నీళ్ళలో ఉండాది."

"కరెంటు నీ పెద్దమ్మ కోసం కాసుకోని ఉంటాదా? చేను ఎండిపోతా ఉండాది!"

ఫీజు లేకపోతే రాగితీగె మెలేసి మోటారు వెయ్యడం మా వైపు అన్నం కలుపుకున్నంత సులువు. ఆయన తీగె తీయడం తలుపులోంచి కనబడింది. తాడు రెండుసార్లు గుంజాను, పైకి రమ్మని గుర్తు. జవాబు లేదు. తాడు ఏదో రాతి మూలకు చిక్కుకుందని తర్వాత తెలిసింది. తాడు వదిలి పరిగెత్తితే ఆయన్ను ఆపగలను, కానీ తాడు వదలకూడదు. పట్టుకొని నిలబడితే ఆయన మోటారు వేసేస్తాడు. ఆమె ఒక్క ఊపిరి ఎంతసేపుంటుంది?

తాడును నా నడుముకు చుట్టుకొని, కొస గుప్పిట్లో బిగించి గదివైపు పరుగెత్తాను. తాడు ఒక్కసారి ఆగింది, నడుము కోసుకుపోయినట్టయింది. ఒళ్ళంతా ముందుకు వేసి లాగాను. ఎక్కడో పట్టు సడలింది. తాడు నా వెనకాలే బరువుగా రాసాగింది. గదిలోకి దూరి స్టార్టరు పెట్టెకు వీపు ఆనించి నిలబడ్డాను. తీగె అప్పటికే మెలేసి ఉంది.

"తప్పుకో పాపా."

"పెద్దమ్మ గట్టెక్కినాకే మామా."

ఆయన నా భుజం పట్టుకున్నాడు. చెడ్డవాడు కాదు, కళ్ళలో నీళ్ళున్నాయి. అవి చేను కోసం వచ్చిన నీళ్ళు. సరిగ్గా అప్పుడే బావిలోంచి తిట్లు వినిపించాయి. నా ఏడు తరాలనూ కలిపి తిడుతోంది పెద్దమ్మ. అంత తీయని తిట్లు నేను మళ్ళీ వినలేదు.

మోకాళ్ళు గీరుకుపోయి, నీళ్ళు కారుతూ గది ముందుకు వచ్చింది. తీగెను చూసింది, మరిదిని చూసింది. "ఇప్పుడు ఎయ్యప్పా" అంది. ఆయన వేశాడు. బావిలో రాతిదిమ్మె మీదున్న మోటారు గుర్రుమంది, కాలువలోకి నీళ్ళు దూకాయి. ముగ్గురం బావి గట్టుకు వచ్చాం. కాసేపటికి నీళ్ళ మీద ఒక చేప వెల్లకిలా తేలింది. పక్కనే ఇంకొకటి. వైరు ఎక్కడో తోలు ఊడి నీళ్ళకు తగులుతోంది.

"వదినా…" అన్నాడు నరసింహప్ప మామ. స్విచ్చి ఆపడానికి వెళ్ళబోతే ఆమే చెయ్యి పట్టి ఆపింది.

"పారనీ. చేను బతకనీ. కరెంటు పోయినాక వైరు చూద్దురు. అంతవరకు ఎవరూ దిగకుండా నేనీడనే కూసుంటా."

తర్వాత నావైపు తిరిగింది. నా గుప్పిట్లో తాడు ఇంకా అలాగే ఉంది. వేళ్ళు విప్పడానికి రావడం లేదు. ఆమె పక్కన కూర్చొని, ఒక్కొక్క వేలూ మెల్లగా తీసింది.

"ఇడువు పాపా. నేను ఎక్కేసినా కదా. ఇంగ ఇడువు."

నాకప్పుడు ఏడుపు ఆగలేదు. పరీక్ష తప్పిన రోజు కూడా అంత ఏడవలేదు. నేను మళ్ళీ పరీక్షకు కట్టింది ఆ ఏడాదే. ఆమె ఇంకా చాలా ఏళ్ళు బతికి, మనవళ్ళను తిడుతూ తిడుతూ మంచంలోనే పోయింది. నీళ్ళలో పోలేదు. ఆ బావి ఆమె కంటే ముందే ఎండిపోయింది.

సంపులోకి దిగిన మనిషి మా పావగడ వైపువాడే. నడుముకు నేను కట్టిన తాడు చూసుకొని నవ్వాడు. "ఏందక్కా, నన్ను ఎద్దును చేసినావు? ఫీజు నీ కొంగుననే ఉండాది కదా, ఇంగ భయమేంది? లోపలికి పోయి కూసోపో."

లోపలి నుంచి మా ఆయన కాఫీ చల్లారిపోతోందని పిలుస్తున్నాడు. తాడు కొసను చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాను.

"నువ్వు ఎక్కినాకప్పా" అన్నాను.