టెంటర్ వీధిలో నీలిరంగు కొట్టు

జూల్మీరా అరూడాకు కోపం వచ్చిందని టెంటర్ వీధిలో ఒకరు చెప్పాల్సిన పని లేదు. తాళంచెవులు కోసే మిషను చప్పుడే చెప్పేసేది. మామూలు రోజుల్లో అది కూనిరాగం తీస్తూ తిరిగేది. ఆమెకు ఒళ్ళు మండిన రోజున మాత్రం గుమ్మం బయట నిలబడ్డవాళ్ళకు కూడా పళ్ళు జివ్వుమనేవి. భర్త ఆర్నాల్దో పోయాక ఆ ఇనుప సామాన్ల కొట్టు ఆవిడే నడుపుకొస్తోంది. మేకులు, మరలు, రంగుడబ్బాలు, చలికాలంలో మంచు తీసే పారలు. పొట్టి మనిషి, నోరు పెద్దది. అజోర్స్ దీవుల నుంచి తల్లి చంకలో వచ్చి, మసాచుసెట్స్‌లోని ఈ మిల్లు ఊళ్ళోనే పెరిగింది. మిల్లులు మూతపడ్డాయి గానీ, మిల్లు కూలీలు కట్టుకున్న ఆ కొట్ల వీధి మాత్రం చావలేదు.

దాన్ని చావనివ్వకుండా చూసినవాళ్ళలో జూల్మీరా మొదటిది. కొన్నేళ్ళ కిందట, దేశమంతా కొట్లున్న ఒక మందుల కంపెనీ వచ్చి, పాత సినిమాహాలునూ దాని పక్కనున్న మంగలి షాపునూ బట్టల కొట్టునూ కలిపి కూల్చేసి, ఒకే గోడగా లేపింది. అద్దాల నిండా నవ్వుతున్న మనుషుల బొమ్మలు అతికించారు. లోపల ఎవరున్నారో బయటికి తెలీదు, బయట ఎవరు పోతున్నారో లోపలివాళ్ళకు పట్టదు. సాయంత్రమైతే వీధిలో ఆ మేర పన్ను ఊడిపోయిన నోరులా ఉండేది.

అది చూసి కడుపు రగిలిపోయింది జూల్మీరాకు. కొట్టు కొట్టుకూ తిరిగింది. రొట్టెల కొట్టు గ్వాల్తెర్ పిమెంటెల్ ఆమె వెంట ఉన్నాడు. ఆమె కూతురికి జ్ఞానస్నానంలో తండ్రిగా నిలబడ్డవాడు, నోరారా "వదినా" అని పిలిచేవాడు. వీధి చివర పాత మిల్లును వాటాలుగా చేస్తే కొనుక్కుని కొత్తగా దిగినవాళ్ళు కూడా కలిశారు. వాళ్ళ పెద్ద ప్రెస్టన్ హాలవే, బోస్టన్‌లో ఇళ్ళ ప్లాన్లు గీసి రిటైరైన మనిషి. చివరికి నగర సభ ఈ వీధికని ఒక రూలు చేసింది. ఊరూరా కొట్లున్న కంపెనీ ఇక్కడ కాలు పెట్టాలంటే అందరి ముందూ విచారణ జరగాలి. రెండు కొట్లు కలిపి ఒకటి చెయ్యకూడదు. అద్దంలోంచి లోపల కనపడాలి. ఆఖర్న ఒక మాట: కొట్టు ముందుభాగం వీధి పద్ధతికి తగినట్టుండాలి.

ఆ ఆఖరి మాట హాలవే అడిగి పెట్టించుకున్నది. "ఇది ఉంటేనే మా మిల్లువాళ్ళందరూ మీ వెనక ఉంటారు" అన్నాడు. జూల్మీరా ఆలోచించలేదు. రంగులూ బోర్డుల గొడవేగా, పోనీ అనుకుంది. రూలు చూసుకోడానికి ఒక కమిటీ వేశారు. దానికి హాలవే అధ్యక్షుడయ్యాడు.

తర్వాత కొన్నాళ్ళకు, చెప్పులు కుట్టే ముసలాయన మూసేసిన కొట్టులోకి ఎవుసేబియా త్సోక్ దిగింది. గ్వాతెమాలా కొండల మనిషి. ఆమే, మొగుడూ రేవులో చేపలు కోసే షెడ్డులో పనిచేసి కూడబెట్టుకుని, మొక్కజొన్న రొట్టెల కొట్టు పెట్టారు. రంగు కొనడానికి జూల్మీరా దగ్గరికే వచ్చింది. ఆమెది స్పానిష్, ఈమెది పోర్చుగీసు. సగం మాటలు కలిసేవి, మిగతా సగం చేతులు మాట్లాడేవి.

"నీలం కావాలమ్మా. ఇది కాదు, ఇంకా ముదురు" అంది ఎవుసేబియా.

"ఇంకా అంటే సముద్రమే తోడి పొయ్యాలి నీకు!" అంటూనే జూల్మీరా డబ్బాలో ఇంకాస్త రంగు కలిపి తిప్పింది. ఆమె చెయ్యి పట్టుకుని ఊపేసింది ఎవుసేబియా.

కొట్టు నీలంగా, తలుపు చట్రం పసుపుగా వెలిగిపోయింది. వీధివైపు కిటికీ తీసి, తెల్లారకముందే రేవుకు పోయేవాళ్ళకు వేడివేడి రొట్టెలు అందించేది. ఆ కిటికీ ముందు జనం బారులు తీరారు. వీధికి పొద్దున పూట మళ్ళీ ప్రాణం వచ్చిందని జూల్మీరా మురిసిపోయింది.

ఒకరోజు ఎవుసేబియా కాగితం ఒకటి పట్టుకుని వచ్చింది. కమిటీ పంపిన నోటీసు. ఆ రంగు వీధి పద్ధతికి తగదు, మార్చాలి. కిటికీలోంచి అమ్మకం ఆపాలి. లేకపోతే కొట్టు మూయించాల్సి ఉంటుంది.

"అమ్మా, ఈ నీలం మీరే కదా కలిపిచ్చారు! ఇది తప్పు రంగా?" అని అడిగింది.

జూల్మీరా ఆ కాగితం లాక్కుని చదివింది. తను నాటిన కంచే చేను మేస్తోంది. కొట్టు మూసి తిన్నగా హాలవే దగ్గరికి పోయింది.

ఆయన కుర్చీ చూపించి, బల్లమీద రంగుల అట్ట పరిచాడు. నాచు రంగు, ఇటుక రంగు, మీగడ, బూడిద. "ఇవీ ఈ వీధి పాత రంగులు. దేన్నైనా ఎంచుకోమనండి. మనకేం పగ లేదు."

"ఎవరి పాత రంగులండీ ఇవి? నేను కాపరానికొచ్చేనాటికి మా కొట్టు తలుపు గులాబీ రంగు. పక్కన మాంసం కొట్టు చిలకపచ్చ. మా దీవుల్లో ఇళ్ళు చూశారా మీరెప్పుడైనా?"

"జూల్మీరా, కోప్పడకండి. ఇది మీ రూలే. మీరు పోరాడి తెచ్చుకున్నదే."

"నేను రాక్షసి రాకుండా తలుపు అడిగాను. మీరు ఆ తలుపు చుట్టాల మొహమ్మీద వేస్తున్నారు!"

హాలవే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నా అంతట నేను వేసింది కాదు. ఫిర్యాదు వచ్చింది, చూడక తప్పదు. ఇచ్చింది మా మిల్లువాళ్ళు కాదు, మీ వీధివాళ్ళే. పిమెంటెల్."

ఆమె విసురుగా లేచి బయటికి నడిచింది. రొట్టెల కొట్టులోకి అడుగు పెట్టేసరికి గ్వాల్తెర్ తీపిరొట్టెలు అద్దాల బీరువాలో సర్దుతున్నాడు.

"రా వదినా, ఇప్పుడే దింపాను."

"ఆ అమ్మాయిమీద కాగితం పెట్టింది నువ్వా?"

అతను రొట్టె కింద పెట్టాడు. "రేవుకు పోయేవాళ్ళు నా గుమ్మం ముందునుంచే పోతారు వదినా. ఇదివరకు ఆగి మంచిచెడ్డ మాట్లాడి రొట్టె కొనుక్కునేవాళ్ళు. ఇప్పుడు తల కూడా తిప్పరు. ఈ వీధి మనం నిలబెట్టుకున్నది. ఆ రంగేంటి, ఆ కిటికీ ముందు గుంపేంటి? తిరునాళ్ళ దుకాణంలా."

"మీ నాన్న ఎక్కణ్ణించి అమ్మాడురా రొట్టెలు? కిటికీలోంచి కాదూ? నేను చెయ్యి చాపి కొనుక్కున్నదాన్నేగా! వీధంతా కంపు కొడుతోందని మిల్లు మేనేజరు పెళ్ళాం మీ నాన్నమీద అరిచిన రోజు నీకు గుర్తు లేదా?"

"అప్పుడు వేరు."

"ఏం వేరు?"

"అప్పుడు మనవాళ్ళం కదా వదినా."

ఆ మాట అతను చాలా మామూలుగా అన్నాడు. అదే ఆమెకు ఎక్కువ మండింది. "సిగ్గు పొయ్యిలో పెట్టి కాల్చుకున్నావురా గ్వాల్తెర్" అని గిరుక్కున తిరిగి బయటికి వచ్చేసింది. ఆ రోజంతా మిషను కీచుమంటూనే ఉంది.

ఆ నోటీసుమీద కమిటీ పెట్టిన విచారణ రోజు దగ్గర పడుతుండగా ఒక వడ్రంగి మరలు కొనడానికి వచ్చాడు. వీధి మధ్యలో "టెంటర్ మిల్ కాఫీ" అని కొత్త కొట్టు తయారవుతోంది, అతను పనిచేసేది అందులోనే. నాచు రంగు గోడ, పాత కాలపు అక్షరాల బోర్డు, మిల్లులోంచి తీసిన దూలాలు. కమిటీ మెచ్చుకుని చిటికెలో అనుమతి ఇచ్చింది. ఊళ్ళో ఎవరో చిన్న వ్యాపారులు పెడుతున్నారని అందరూ అనుకున్నారు.

"అందంగా ఉందయ్యా మీ పని" అంది జూల్మీరా.

"చేతికి అలవాటైపోయిందండి. హార్ట్‌ఫర్డ్‌లో వీళ్ళవి ఇలాంటి బల్లలు నాలుగు వేశాను. ప్రావిడెన్స్‌లోనూ వేశాను. పేరు ఒక్కటే ప్రతి ఊళ్ళో మారుస్తారు, కంపెనీ అదే" అని, ఆ పెద్ద కాఫీ కంపెనీ పేరు చెప్పాడు. ఏ మాల్‌కు పోయినా కనపడే పేరే.

మరలు తూస్తున్న జూల్మీరా చెయ్యి ఆగిపోయింది. నాచు రంగు పూసుకుని వస్తే కొండచిలవ లోపలికి రావచ్చు. నీలం కట్టుకున్న పేదమనిషి రాకూడదు.

విచారణ నగర సభ భవనం మేడమీద, మధ్యాహ్నం పూట జరిగింది. హాలు నిండిపోయింది. రేవు పనివాళ్ళు చేపల వాసనతోనే వచ్చి గోడల వెంట నిలబడ్డారు. ముందు ఎవుసేబియా లేచింది. వచ్చీరాని ఇంగ్లీషులో, "మా ఊళ్ళో ఇల్లు ఇలాగే ఉంటుంది. చీకట్లో పనికి పోయేవాళ్ళకు దూరంనుంచి కనపడాలని వేశాను. చెడ్డది అనుకోలేదు" అని చెప్పి కూర్చుంది.

తర్వాత జూల్మీరా.

"ఈ రూలు నా వల్ల వచ్చిందని మీరందరూ అంటారు. నిజమే. ఆ ఆఖరి మాట మీద నేను ఆలోచించకుండా తల ఊపాను. ఓట్ల కోసం ఊపాను. దాని ఫలితం ఈ అమ్మాయి అనుభవిస్తోంది. వీధి పద్ధతి, వీధి పద్ధతి అంటున్నారు. పద్ధతంటే గోడకు పూసే సున్నమా? కొట్టువాడి పేరు నాకు తెలియడం, నా పేరు వాడికి తెలియడం, అదయ్యా మా వీధి పద్ధతి! ఆ మందుల కొట్టువాళ్ళు మా ఆర్నాల్దో చనిపోయిన వారంలో కూడా, మీ ఆయనకు మాత్రలు సిద్ధం రండి అని ఫోను చేశారు. ఎవుసేబియా ఇక్కడికొచ్చి ఎన్నాళ్ళని, నా మోకాలి నొప్పి సంగతి అడగని రోజు లేదు. మీరు బయటికి నెట్టేది ఎవరిని? లోపలికి పిలిచింది ఎవరిని? ఆ కాఫీ కొట్టు ఎవరిదో అడిగారా హాలవేగారూ, రంగు బాగుందని మురిసిపోవడం తప్ప?"

కంపెనీ పేరు చెప్పేసరికి హాలు గొల్లుమంది. హాలవే మొహం ఎర్రబడింది. ఆయనకు నిజంగానే తెలియదు. పక్కనున్న లాయరుతో గుసగుసలాడి చివరికి గొంతు సవరించుకున్నాడు. కాఫీ కొట్టుకోసం వేరే కంపెనీ ఒకటి పుట్టించారట. దాని పేరుమీద ఉన్నది ఈ ఒక్క కొట్టేనట. కాబట్టి రూలు ప్రకారం చేసేదేమీ లేదట.

"అంటే దొంగ మీసం పెట్టుకుంటే దొంగ కాదన్నమాట!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

కమిటీవాళ్ళు ఓట్లేశారు. ఎవుసేబియా మీద నోటీసు ఒకే ఒక్క ఓటు తేడాతో రద్దయింది. అవతలివైపు వేసినవాళ్ళలో హాలవే ఉన్నాడు. రంగు ఉండొచ్చు, కిటికీ ఉండొచ్చు. ఎవుసేబియా ఏడుస్తూ కౌగిలించుకుంటే, జూల్మీరా ఆమె వీపు నిమురుతూనే హాలవే వైపు గుడ్లురుముతోంది. సగం గెలుపు ఆమె గొంతు దిగలేదు.

కాఫీ కొట్టు అట్టహాసంగా తెరిచారు. జూల్మీరా తన కొట్టు ముందు పార ఆనించుకుని నిలబడి, అటు పోతున్న ప్రతివాణ్ణీ ఆపి, "అది ఎవరిదో తెలుసా?" అని చెప్పేది. కొందరు వెనక్కి తిరిగేవాళ్ళు. చాలామంది "కాఫీ బాగుంటుందండీ" అని నవ్వి లోపలికి పోయేవాళ్ళు. అది ఇప్పటికీ అక్కడే ఉంది, కిటకిటలాడుతూ.

ఆవిడ ఊరుకోలేదు. మళ్ళీ కొట్టు కొట్టుకూ తిరిగింది. ఈసారి ఎవుసేబియా వెంట నడిచింది. మరుసటి ఏడాదికి రూలు మారింది. బోర్డుమీది పేరు కాదు, వెనకున్న యజమాని ఎవరో చూడాలన్నారు. రంగుల మాట కొట్టేశారు. కమిటీలో జూల్మీరాకు కుర్చీ వేశారు. ఆమె ఉన్న మీటింగులు ఎప్పుడూ పొద్దుపోయేదాకా సాగుతాయని హాలవే అందరితోనూ మొరపెట్టుకుంటాడు.

గ్వాల్తెర్‌తో మాత్రం అతకలేదు. పరిశుద్ధాత్మ పండగనాడు చర్చి వెనక అందరికీ మాంసం పులుసు వడ్డించే బల్ల దగ్గర అతనే గరిటె పట్టుకుని నిలబడ్డాడు.

"వదినా, ఇంకా ఎన్నాళ్ళు? వ్యాపారంలో ఇలాంటివి ఎవరు చెయ్యరు? నా కడుపు కూడా చూడు" అన్నాడు మెల్లగా.

"నీ కడుపు నిండకపోతే నాతో చెప్పాల్సింది. నేను నీకోసం కూడా తిరిగేదాన్ని" అంది జూల్మీరా. "ఆ మాట అన్నావు చూడు, మనవాళ్ళం అని, దాన్ని వెళ్ళి ఆమె ముందు వెనక్కి తీసుకో. అప్పుడు మాట్లాడదాం."

అతను గరిటె పులుసులో ముంచి అలాగే ఉంచాడు. జూల్మీరా గిన్నె పట్టుకుని పక్క వరసలోకి వెళ్ళి నిలబడింది.